ఎర్ర రక్తకణాల మీద కణజాల పొంతన యాంటిజెన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

రక్తం గ్రూపు కలిస్తే కిడ్నీ కూడా సరిపోతుందా, ఎర్ర రక్తకణాల మీద హెచ్‌ఎల్‌ఏ ఉంటుందా ఉండదా, బ్లడ్ బ్యాంక్ నివేదికలో రాసిన ‘బీజీ యాంటీబాడీ’ ప్రమాదకరమా అన్న సందేహాలు రోగుల బంధువుల నుంచీ, ప్రయోగశాలలో శిక్షణ పొందుతున్న విద్యార్థుల నుంచీ మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అందుకే వాటిని వాళ్లు అడిగిన మాటల్లోనే ఒకచోట చేర్చాం. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదటి సందేహాలు

కణజాల పొంతన యాంటిజెన్లు అంటే ఏమిటి? రక్తం గ్రూపు కూడా అదే కదా?

ఒకరి కణజాలాన్ని మరొకరి శరీరంలో పెట్టినప్పుడు అది పరాయిదని రోగనిరోధక వ్యవస్థ ఏ ఉపరితల అణువుల ఆధారంగా పసిగడుతుందో వాటిని కణజాల పొంతన యాంటిజెన్లు అంటారు. మనుషుల్లో వీటిలో ప్రధానమైనవి హెచ్‌ఎల్‌ఏ అణువులు. వాటి జన్యువులు 6వ క్రోమోజోము మీద ఒకే చోట గుంపుగా ఉంటాయి. మొదటి తరగతికి చెందిన హెచ్‌ఎల్‌ఏ-ఏ, బీ, సీ అణువులు కేంద్రకం ఉన్న దాదాపు అన్ని కణాల మీదా, ప్లేట్‌లెట్ల మీదా కనిపిస్తాయి. రెండో తరగతికి చెందిన డీఆర్, డీక్యూ, డీపీ అణువులు ముఖ్యంగా బీ లింఫోసైట్ల వంటి రోగనిరోధక కణాల మీద ఉంటాయి.

రక్తం గ్రూపు లెక్క వేరు. ఏబీఓ జన్యువు 9వ క్రోమోజోము మీద, ఆర్‌హెచ్ జన్యువులు 1వ క్రోమోజోము మీద ఉండటం వల్ల అవి హెచ్‌ఎల్‌ఏతో సంబంధం లేకుండా సంక్రమిస్తాయి. అన్నదమ్ములిద్దరికీ హెచ్‌ఎల్‌ఏ అచ్చంగా కలిసినా గ్రూపులు వేరుగా ఉండవచ్చు, గ్రూపు ఒకటే అయినా హెచ్‌ఎల్‌ఏ ఏమాత్రం కలవకపోవచ్చు. అయితే ఏ, బీ యాంటిజెన్లు ఎర్ర కణాలతో ఆగిపోవు. రక్తనాళాల లోపలి పొర మీదా ఉంటాయి. అందువల్ల అవయవ మార్పిడి విషయానికి వచ్చేసరికి ఏబీఓ గ్రూపు కూడా కణజాల పొంతనలో భాగమే అవుతుంది.

ఎర్ర రక్తకణాల మీద హెచ్‌ఎల్‌ఏ ఉండదని పాఠ్యపుస్తకంలో చదివాను. ఉంటుందని మీరెందుకు అంటున్నారు?

పాఠ్యపుస్తకం చెప్పింది స్థూలంగా నిజమే, పూర్తిగా నిజం కాదు. ఎముక మజ్జలో ఎర్ర కణానికి పూర్వరూపమైన కణానికి కేంద్రకం ఉంటుంది, దాని మీద మొదటి తరగతి హెచ్‌ఎల్‌ఏ కూడా ఉంటుంది. ఆ కణం పరిపక్వమయ్యే కొద్దీ హెచ్‌ఎల్‌ఏ తగ్గుతూ వస్తుంది. కేంద్రకం, రైబోజోములు పోయాక కొత్త ప్రోటీన్ తయారయ్యే వీలే ఉండదు కాబట్టి, దాదాపు 120 రోజులు రక్తంలో తిరిగే ఆ కణం మీద మిగిలేది పాత శేషం మాత్రమే.

ఆ శేషం ఎంత తక్కువో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. ‘ఏ’ గ్రూపు వ్యక్తి ఎర్ర కణం ఒక్కదాని మీద ‘ఏ’ యాంటిజెన్ స్థానాలు సుమారు 10 లక్షలు, ఆర్‌హెచ్-డీ స్థానాలు 10,000 నుంచి 30,000 దాకా ఉంటే, హెచ్‌ఎల్‌ఏ అణువులు సాధారణంగా కొన్ని వందలకు మించవు. సాధారణ పరీక్షకు అవి అందవు. కానీ కొందరిలో, కొన్ని హెచ్‌ఎల్‌ఏ రకాల విషయంలో మాత్రం ప్రయోగశాలను తికమకపెట్టేంతగా మిగిలిపోతాయి. రెండో తరగతి అణువులు పరిపక్వ ఎర్ర కణం మీద కనిపించవు.

కణజాల యాంటిజెన్లను మొదట కనిపెట్టింది ఎర్ర కణాల మీదేనట, నిజమా?

నిజమే, అయితే అవి చిట్టెలుకల ఎర్ర కణాలు. 1936 ప్రాంతంలో లండన్‌లో పీటర్ గోరర్ చిట్టెలుకల ఎర్ర కణాలను సీరంతో కలిపి, అవి గుమిగూడే తీరును బట్టి కొన్ని యాంటిజెన్లను వేరు చేశాడు. వాటిలో ‘యాంటిజెన్ 2’ అని పేరు పెట్టినదానికీ, ఒక ఎలుక కణితిని మరో ఎలుకలో నాటితే అది తిరస్కరణకు గురికావడానికీ సంబంధం ఉందని గుర్తించాడు. జార్జ్ స్నెల్ తర్వాత విస్తరించిన హెచ్-2 వ్యవస్థకు (చిట్టెలుకల్లో హెచ్‌ఎల్‌ఏకు సమానమైనది) పునాది ఇదే.

చిట్టెలుక ఎర్ర కణాల మీద ఈ యాంటిజెన్లు తగినంతగా ఉంటాయి కాబట్టి గోరర్ పద్ధతి పనిచేసింది. మనుషుల్లో అదే దారిలో వెళ్లి ఉంటే ఏమీ దొరికేది కాదేమో! జీన్ డౌసెట్ తెల్ల కణాల వైపు తిరిగి, అనేకసార్లు రక్తం ఎక్కించుకున్న రోగుల సీరం ఇతరుల తెల్ల కణాలను గుమిగూడేలా చేస్తుందని గమనించి, 1958లో మొదటి మానవ హెచ్‌ఎల్‌ఏ యాంటిజెన్‌ను వర్ణించాడు. దాన్నే ఇప్పుడు హెచ్‌ఎల్‌ఏ-ఏ2 అంటున్నాం. స్నెల్, డౌసెట్‌లకు బారూజ్ బెనసెర్రాఫ్‌తో కలిపి 1980లో నోబెల్ బహుమతి వచ్చింది.

హెచ్‌ఎల్‌ఏ లేని కణాన్ని శరీరం చంపేయాలి కదా, ఎర్ర కణాన్ని ఎందుకు వదిలేస్తుంది?

సహజ హంతక కణాలు మొదటి తరగతి హెచ్‌ఎల్‌ఏ లోపించిన కణాలను వెతికి చంపుతాయన్నది సరైనదే. కానీ హెచ్‌ఎల్‌ఏ లేకపోవడం ఒక్కటే చాలదు. దాడి చేయమని ప్రేరేపించే సంకేతం కూడా కావాలి, అది ఆరోగ్యంగా ఉన్న ఎర్ర కణం మీద ఉండదు. ప్లీహంలో పాత కణాలను ఏరివేసే మాక్రోఫేజ్‌ల నుంచి రక్షణకు ఎర్ర కణం సీడీ47 అనే మరో ప్రోటీన్‌ను మోస్తుంది. సీడీ47 లేని ఎర్ర కణాలను మామూలు చిట్టెలుకల్లోకి ఎక్కిస్తే అవి చకచకా మాయమవుతాయని 2000లో వెలువడిన ప్రయోగాలు చూపించాయి.

మలేరియా పరాన్నజీవి ఎర్ర కణంలో దాక్కోవడానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. కణం లోపలి పరాన్నజీవి ముక్కలను హంతక టీ కణాలకు చూపించేది మొదటి తరగతి హెచ్‌ఎల్‌ఏ. పరిపక్వ ఎర్ర కణానికి ఆ ప్రదర్శన ఏర్పాటే లేదు కనుక అందులో చేరిన పరాన్నజీవి వాటి కంట పడదు. ప్లాస్మోడియం వైవాక్స్ మాత్రం ఇంకా పూర్తిగా పరిపక్వం కాని రెటిక్యులోసైట్లను ఎంచుకుంటుంది. వాటిలో హెచ్‌ఎల్‌ఏ మిగిలి ఉండటం వల్ల సీడీ8 టీ కణాలు (పైన చెప్పిన హంతక టీ కణాలే) వాటిని గుర్తించి చంపగలవని 2018లో తేలింది.

## పరీక్ష నివేదిక చేతికి వచ్చాక

నివేదికలో ‘బీజీ’ అని ఉంది. ఇది కొత్త రక్తం గ్రూపా?

కాదు. ఎర్ర కణాల మీద మిగిలిపోయిన హెచ్‌ఎల్‌ఏకు బ్లడ్ బ్యాంకులో పెట్టుకున్న పాత పేరు బీజీ. అది హెచ్‌ఎల్‌ఏ అన్న సంగతి తెలియకముందే ఎర్ర కణాల పరీక్షలో కనిపించింది కాబట్టి పేరు విడిగా స్థిరపడిపోయింది. బీజీ-ఏ అంటే హెచ్‌ఎల్‌ఏ-బీ7 అని 1969లో తేలింది. బీజీ-బీ హెచ్‌ఎల్‌ఏ-బీ17కు, బీజీ-సీ హెచ్‌ఎల్‌ఏ-ఏ28కు సమానం. బీ17, ఏ28 రెండింటినీ ఇప్పుడు ఇంకా చిన్న ఉపరకాలుగా విడగొట్టారు.

ఒక మెలిక గుర్తుంచుకోవాలి. తెల్ల కణాల మీద బీ7 ఉన్న వ్యక్తులందరి ఎర్ర కణాలూ బీజీ-ఏ పరీక్షలో స్పందించవు, స్పందించిన వాటి బలం కూడా మనిషికీ మనిషికీ తేడాగా ఉంటుంది. కొన్ని వ్యాధుల్లో ఈ బలం పెరగడమూ కద్దు. అందువల్ల ఎర్ర కణాలను చూసి ఎవరి హెచ్‌ఎల్‌ఏ రకాన్నీ నిర్ధారించకూడదు. దానికి డీఎన్‌ఏ పరీక్షే ఆధారం.

ఇది బీజీ యాంటీబాడీయే అని ప్రయోగశాలలో ఎలా తేలుస్తారు?

రోగి సీరంలో ఏ యాంటీబాడీ ఉందో తెలుసుకోవడానికి, యాంటిజెన్లు ముందే తెలిసిన ఎర్ర కణాల వరుసతో దాన్ని కలుపుతారు. ఆ వరుసను ప్యానెల్ అంటారు, అందులో తరచుగా పదకొండు మంది దాతల కణాలు ఉంటాయి. మామూలు యాంటీబాడీ అయితే ఒక క్రమం కనబడుతుంది: ఉదాహరణకు డఫీ-ఏ అనే రక్తం గ్రూపు యాంటిజెన్ ఉన్న కణాలన్నీ స్పందిస్తాయి, లేనివన్నీ ఊరకుంటాయి. బీజీ విషయంలో ఆ క్రమం దొరకదు. పదకొండింటిలో ఒకటో రెండో కణాలు, అదీ యాంటీగ్లోబ్యులిన్ దశలో (కణాలకు అంటుకున్న యాంటీబాడీలను బయటపెట్టే చివరి దశ) మాత్రమే, గొట్టాన్ని మెల్లగా వంచి చూస్తే అడుగున ఇసుక రేణువుల్లా సన్నగా అంటుకుంటాయి. ప్యానెల్‌తో వచ్చిన చీటీలో రాసిన యాంటిజెన్లలో దేనితోనూ ఆ రెండూ కలవవు. మరో కంపెనీ ప్యానెల్ తీసుకుంటే వేరే కణం స్పందిస్తుంది.

అనుభవం ఉన్న సాంకేతిక నిపుణులు ఈ తీరు చూడగానే బీజీని అనుమానిస్తారు, కానీ అనుమానంతో ఆపరు. మొదట కిడ్, కెల్, డఫీ అనే ఇతర రక్తం గ్రూపుల మీది ప్రమాదకరమైన యాంటీబాడీలు లేవని ఒక్కొక్కటిగా రూఢి చేసుకుంటారు. మన అభిప్రాయంలో పనిలో అసలు విలువైన భాగం ఇదే. ‘బీజీ అయి ఉంటుందిలే’ అని తొందరపడితే దాని చాటున బలహీనమైన కిడ్ యాంటీబాడీ తప్పించుకుపోవచ్చు, అది ఎర్ర కణాలను నిజంగానే చిట్లిస్తుంది.

ఎర్ర కణాలను క్లోరోక్విన్‌లో నానబెడతారట. అది మలేరియా మందు కదా?

మందు అదే, ఇక్కడ దాని పని వేరు. మొదటి తరగతి హెచ్‌ఎల్‌ఏ అణువుకు రెండు భాగాలుంటాయి: ఒకటి పొరలో నాటుకున్న బరువైన గొలుసు, రెండోది దాన్ని ఆనుకుని ఉండే బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్. ఆమ్ల గుణం ఉన్న గాఢ క్లోరోక్విన్ ద్రావణం ఈ చిన్న భాగాన్ని ఊడదీస్తుంది, దాంతో అణువు ఆకృతి చెదిరి యాంటీబాడీ పట్టుకోలేకపోతుంది. శుద్ధి చేయకముందు స్పందించిన కణం శుద్ధి తర్వాత స్పందించకపోతే, ఆ యాంటీబాడీ హెచ్‌ఎల్‌ఏ మీదిదని చెప్పవచ్చు. ఎక్కువసేపు నానబెడితే ఆర్‌హెచ్ వంటి ఇతర యాంటిజెన్లు కూడా బలహీనపడతాయి కాబట్టి సమయాన్ని గట్టిగా పాటించాలి.

ఈడీటీఏ-గ్లైసిన్ ఆమ్లంతో కూడా బీజీని తొలగించవచ్చు, పని ఇంకా త్వరగా అవుతుంది. కానీ అది కెల్ యాంటిజెన్లను కూడా నాశనం చేస్తుంది. ఆ కణాలతో పరీక్షించి కెల్ యాంటీబాడీ లేదని రాయడం పొరపాటు.

చీడో, రోడ్జర్స్ అనేవి కూడా కణజాల యాంటిజెన్లేనా?

పుట్టుక ఆ ప్రాంతంలోనే, స్వభావం వేరు. ఇవి రక్తద్రవంలోని సీ4 అనే కాంప్లిమెంట్ ప్రోటీన్ (యాంటీబాడీలకు తోడ్పడే రక్షణ ప్రోటీన్లలో ఒకటి) మీది గుర్తులు. ఆ ప్రోటీన్ ముక్కలు ఎర్ర కణాలకు అంటుకోవడం వల్ల అక్కడ కనిపిస్తాయి. సీ4 జన్యువులు 6వ క్రోమోజోము మీద హెచ్‌ఎల్‌ఏ జన్యువుల నడుమనే ఉంటాయి. వీటి మీది యాంటీబాడీలు ఎర్ర కణాలను చిట్లించవు, సాధారణ ప్లాస్మా కలిపితే పరీక్షలో తటస్థమైపోతాయి.

నాకు బీజీ యాంటీబాడీ ఉందన్నారు. రక్తం ఎక్కించుకోవచ్చా?

సాధారణంగా ఎక్కించుకోవచ్చు. బీజీ యాంటీబాడీల వల్ల ఎర్ర కణాలు చిట్లిన ఉదంతాలు వైద్య సాహిత్యంలో ఉన్నా అవి చాలా అరుదు. క్రాస్‌మ్యాచ్‌లో (రోగి సీరాన్ని దాత ఎర్ర కణాలతో కలిపి చూసే పరీక్ష) స్పందించని సంచిని ఎంచుకోవడం కష్టం కూడా కాదు, ఎందుకంటే ఎక్కువమంది దాతల కణాలు అసలు స్పందించవు.

మీ వైద్యులు పట్టించుకోవలసింది మరొకటి. ఎర్ర కణం మీది శేషాన్నే పట్టుకోగల యాంటీబాడీ మీలో ఉందంటే, తెల్ల కణాల మీదా ప్లేట్‌లెట్ల మీదా నిండుగా ఉన్న అదే హెచ్‌ఎల్‌ఏను అది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. మీకు ముందుముందు ప్లేట్‌లెట్లు గానీ, కిడ్నీ గానీ, మూలకణాలు గానీ అవసరమయ్యే అవకాశం ఉంటే ఈ సంగతి తప్పక వారి దృష్టికి తీసుకెళ్లండి.

గర్భిణిని. హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీలు ఉన్నాయట. బిడ్డ రక్తం చిట్లిపోతుందా?

అలా జరగదు. బిడ్డకు తండ్రి నుంచి వచ్చిన హెచ్‌ఎల్‌ఏను తల్లి శరీరం చూడటం వల్ల ఈ యాంటీబాడీలు పుడతాయి, కాన్పుల సంఖ్య పెరిగే కొద్దీ ఇవి ఉన్న స్త్రీల సంఖ్యా పెరుగుతుంది. బిడ్డ ఎర్ర కణాల మీద హెచ్‌ఎల్‌ఏ అతి స్వల్పం, పైగా మాయలోని కణజాలం ఈ యాంటీబాడీలను చాలావరకు పీల్చేసుకుంటుంది. బిడ్డ ఎర్ర కణాలకు హాని చేసేవి ఆర్‌హెచ్-డీ, కెల్ వంటి వాటి మీది యాంటీబాడీలు. గర్భిణులకు చేసే యాంటీబాడీ పరీక్ష ముఖ్యంగా వాటి కోసమే.

## రక్తం, ప్లేట్‌లెట్లు ఎక్కించుకునేటప్పుడు

గ్రూపు సరిగ్గా కలిపే ఎక్కించారు. అయినా హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీలు ఎలా వచ్చాయి?

ఎర్ర కణాల సంచి అంటాం గానీ అందులో ఎర్ర కణాలు మాత్రమే ఉండవు. వడపోత చేయని సంచిలో దాత తెల్ల కణాలు వంద కోట్లకు పైగా ఉండవచ్చు, హెచ్‌ఎల్‌ఏను మోసుకొచ్చేవి ముఖ్యంగా అవే. ఎర్ర కణాల మీది శేషాన్ని గురించి బెంగపడేవాళ్లు ఈ సహప్రయాణికులను మరిచిపోతారు, మార్పిడి రోగులకు చిక్కులు తెచ్చేది ఎక్కువగా ఇక్కడే. ఎక్కించేటప్పుడు వచ్చే చలి, జ్వరం కూడా చాలాసార్లు రోగి యాంటీబాడీలు ఈ తెల్ల కణాలను తాకడం వల్లనో, నిల్వలో అవి విడుదల చేసిన పదార్థాల వల్లనో వచ్చేవే.

అందుకే తెల్ల కణాలను వడగట్టే ఫిల్టర్లు వాడతారు. సంచిలో మిగిలే తెల్ల కణాలు 50 లక్షల లోపు ఉండాలని అమెరికా ప్రమాణం, 10 లక్షల లోపు ఉండాలని ఐరోపా ప్రమాణం. వడపోత వల్ల కొత్తగా యాంటీబాడీలు పుట్టే అవకాశం బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. గర్భధారణ వల్ల ముందే తయారైన వారిలో అవి మళ్లీ విజృంభించడాన్ని ఆపడం ఇంకా కష్టం.

ప్లేట్‌లెట్లు ఎన్నిసార్లు ఎక్కించినా సంఖ్య పెరగడం లేదు. ఎందుకు?

జ్వరం, తీవ్రమైన ఇన్ఫెక్షన్, పెరిగిన ప్లీహం, రక్తస్రావం, కొన్ని మందులు: ఇవే ఎక్కువ సందర్భాల్లో కారణాలు. వీటిని పక్కన పెట్టాక మిగిలే ప్రధాన కారణం హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీలు. ప్లేట్‌లెట్ల మీద హెచ్‌ఎల్‌ఏ-ఏ, బీ అణువులు సమృద్ధిగా ఉంటాయి కనుక యాంటీబాడీలు వాటిని పట్టుకున్న కాసేపటికే ప్లేట్‌లెట్లు తుడిచిపెట్టుకుపోతాయి. ఎక్కించిన 10 నిమిషాల నుంచి గంట లోపు తీసిన నమూనాలోనే సంఖ్య పెరగకపోతే ఈ కారణాన్ని గట్టిగా అనుమానిస్తారు. పరీక్షలో రుజువైతే, హెచ్‌ఎల్‌ఏ కలిసిన దాత నుంచి గానీ, రోగి యాంటీబాడీలకు తగలని హెచ్‌ఎల్‌ఏ ఉన్న దాత నుంచి గానీ ప్లేట్‌లెట్లు తీసుకుంటారు.

బయటివాళ్ల రక్తం కంటే సొంత తమ్ముడి రక్తం మంచిది కదా?

ఈ నమ్మకం బలంగా నాటుకుపోయింది, కానీ ఇది తప్పు. పొంతన ఎక్కువ కావడమే ఇక్కడ ప్రమాదం. దాతకు తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే హెచ్‌ఎల్‌ఏ వరుస (ఒకరి నుంచి గుంపుగా సంక్రమించే జన్యువులు) వచ్చి, అదే వరుస రోగికి ఒక పక్క ఉందనుకోండి. అప్పుడు రోగి శరీరానికి రక్తంతో పాటు వచ్చిన దాత లింఫోసైట్లలో (ఒక రకం తెల్ల కణాలు) పరాయితనం కనబడదు, వాటిని వదిలేస్తుంది. ఆ లింఫోసైట్లకు మాత్రం రోగి రెండో వరుస పరాయిదిగా కనబడుతుంది. అవి పెరిగి చర్మం మీద, కాలేయం మీద, పేగుల మీద, చివరికి ఎముక మజ్జ మీద దాడి చేస్తాయి. రక్తమార్పిడి వల్ల వచ్చే ఈ గ్రాఫ్ట్-వర్సెస్-హోస్ట్ వ్యాధి అరుదైనదే, కానీ వచ్చినవారిలో 90 శాతానికి పైగా మరణిస్తారు. రక్తసంబంధీకుల మధ్య ఇటువంటి జోడీ కుదిరే అవకాశం బయటివాళ్లతో కంటే ఎక్కువ.

తప్పనిసరై బంధువుల రక్తం వాడితే, లింఫోసైట్లు విభజన చెందకుండా సంచికి 25 గ్రే మోతాదులో రేడియేషన్ ఇచ్చి ఎక్కించాలి. వడపోత ఒక్కటే దీనికి చాలదు. ఇక మజ్జ మార్పిడి ఆలోచనలో ఉన్న రోగి, దాత కాబోయే తోబుట్టువు రక్తాన్ని ముందే ఎక్కించుకోవడం మరో చేటు: ఆ దాత మీదే యాంటీబాడీలు తయారయ్యే వీలుంది.

## అవయవ మార్పిడికి ముందు

రక్తానికి క్రాస్‌మ్యాచ్ చేశారు, కిడ్నీకి మళ్లీ క్రాస్‌మ్యాచ్ అంటున్నారు. రెండూ ఒకటి కాదా?

పేరు ఒకటే, పరీక్షలు వేరు. రక్తం క్రాస్‌మ్యాచ్‌లో రోగి సీరాన్ని దాత ఎర్ర కణాలతో కలుపుతారు. కిడ్నీ క్రాస్‌మ్యాచ్‌లో రోగి సీరాన్ని దాత లింఫోసైట్లతో కలుపుతారు, ఎందుకంటే రెండు తరగతుల హెచ్‌ఎల్‌ఏ నిండుగా ఉండేది వాటి మీదే. ఎర్ర కణాలతో చేసిన పరీక్ష ఎంత శుభ్రంగా వచ్చినా కిడ్నీ సంగతి చెప్పదు.

పాల్ తెరసాకి బృందం 1964లో లింఫోసైట్లతో చేసే సూక్ష్మ పరీక్షను ప్రవేశపెట్టింది. ఆ పరీక్ష విలువ 1969లో పటేల్, తెరసాకి ప్రచురించిన అంకెల్లో కనిపిస్తుంది: క్రాస్‌మ్యాచ్ పాజిటివ్‌గా ఉన్నా అమర్చిన 30 కిడ్నీల్లో 24 వెంటనే విఫలమయ్యాయి, నెగెటివ్‌గా ఉన్న 195లో విఫలమైనవి 8 మాత్రమే. ఇప్పుడు దీనికి తోడుగా ఫ్లో సైటోమెట్రీ, ఒక్కో హెచ్‌ఎల్‌ఏ అతికించిన సూక్ష్మ పూసలతో చేసే పరీక్షలు కూడా ఉన్నాయి.

రక్తం గ్రూపు కలవకపోతే కిడ్నీ ఇక ఇవ్వలేరా?

ఒకప్పుడు ఇచ్చేవారు కారు. ‘ఏ’ గ్రూపు కిడ్నీని ‘ఓ’ గ్రూపు రోగికి నేరుగా అమర్చితే, రోగిలో సహజంగా ఉండే యాంటీ-ఏ యాంటీబాడీలు కిడ్నీ రక్తనాళాల లోపలి పొరను పట్టుకుని నిమిషాల నుంచి గంటల్లోనే దాన్ని నాశనం చేయగలవు. ఇప్పుడు ప్లాస్మా మార్పిడితో ఆ యాంటీబాడీలను ముందే తగ్గించి, రిటుక్సిమాబ్ వంటి మందులతో కొత్తవి పుట్టకుండా అదుపుచేసి అనేక కేంద్రాల్లో ఈ మార్పిడి చేస్తున్నారు. దాత ఏ2 ఉపగ్రూపు అయితే ‘ఏ’ యాంటిజెన్ తక్కువగా ఉంటుంది కనుక పని మరింత సులువు.

నేను ఆర్‌హెచ్ నెగెటివ్, దాత పాజిటివ్. కిడ్నీ పనికొస్తుందా?

పనికొస్తుంది. ఆర్‌హెచ్-డీ ఎర్ర కణాల వంశానికే పరిమితమైన ప్రోటీన్, కిడ్నీ కణజాలం మీద ఉండదు. అవయవంలో మిగిలిపోయిన కొద్దిపాటి ఎర్ర కణాల వల్ల యాంటీ-డీ పుట్టే అవకాశం ఉంది కాబట్టి, పిల్లల్ని కనే వయసున్న స్త్రీల విషయంలో యాంటీ-డీ ఇంజెక్షన్ గురించి వైద్యులు ఆలోచిస్తారు.

కిడ్నీ మార్పిడికి ముందు రక్తం ఎక్కించుకోవద్దంటున్నారు. ఒకప్పుడు కావాలనే ఎక్కించేవారట?

రెండూ నిజమే. ముందుగా రక్తం ఎక్కించుకున్నవారిలో అమర్చిన కిడ్నీ ఎక్కువకాలం నిలిచిందని 1973లో ఓపెల్జ్, తెరసాకి చూపించారు, దాంతో కొన్నేళ్లపాటు కావాలనే ఎక్కించారు. తిరస్కరణను అణచే మందు సైక్లోస్పోరిన్ వచ్చాక ఆ లాభం చాలావరకు కనుమరుగైంది, హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీలు పుట్టే నష్టం మాత్రం మిగిలింది. అందుకే ఇప్పుడు రక్తహీనతను వీలైనంతవరకు ఇనుము, ఎర్ర కణాల తయారీని పెంచే హార్మోన్ ఎరిత్రోపొయెటిన్‌తో సరిదిద్ది, తప్పనప్పుడే వడగట్టిన రక్తం ఇస్తారు.

## మార్పిడి తర్వాత

మజ్జ మార్పిడి అయ్యాక నా రక్తం గ్రూపు మారిపోతుందా?

దాత గ్రూపు వేరైతే మారుతుంది. మూలకణ దాతను హెచ్‌ఎల్‌ఏ చూసి ఎంచుకుంటారు. తోబుట్టువు పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. మూలకణాల మీద ఏబీఓ యాంటిజెన్లకు ప్రాముఖ్యం లేదు కాబట్టి గ్రూపు తేడా అడ్డంకి కాదు. కొత్త మజ్జ నుంచి దాత గ్రూపు కణాలు పుడుతుండగా పాతవి ఇంకా తిరుగుతూనే ఉంటాయి కనుక, కొన్ని వారాల నుంచి నెలల పాటు ఒకే గొట్టంలో కొన్ని కణాలు గుమిగూడి, మిగతావి విడిగా ఉండే మిశ్రమ స్పందన కనిపిస్తుంది.

పుట్టుకతో ‘ఏ’ గ్రూపు ఉన్న వ్యక్తి ‘ఓ’ గ్రూపుకు మారినా సాధారణంగా అతనిలో యాంటీ-ఏ కనిపించదు. రక్తనాళాల పొర, ఇతర కణజాలాలు ఇంకా అతనివే. అక్కడ ‘ఏ’ యాంటిజెన్ అలాగే ఉంటుంది. అందువల్ల కణాల పరీక్ష ‘ఓ’ అంటుంది, సీరం పరీక్ష దానితో ఏకీభవించదు. చరిత్ర తెలియని ప్రయోగశాల దీన్ని నమూనా తారుమారుగా పొరబడే వీలుంది.

మార్పిడి జరిగిన వారం, పది రోజులకు హిమోగ్లోబిన్ ఒక్కసారిగా పడిపోయింది. తిరస్కరణా?

కాకపోవచ్చు. ‘ఓ’ గ్రూపు దాత అవయవమో మూలకణాలో ‘ఏ’ గ్రూపు రోగికి ఇచ్చినప్పుడు, వాటితో వచ్చిన దాత బీ లింఫోసైట్లు యాంటీ-ఏ తయారుచేసి రోగి ఎర్ర కణాలను చిట్లించవచ్చు. దీన్ని ప్యాసింజర్ లింఫోసైట్ సిండ్రోమ్ అంటారు. సాధారణంగా 5 నుంచి 16 రోజుల మధ్య కామెర్లు, ముదురు రంగు మూత్రం, పాజిటివ్ కూంబ్స్ పరీక్షతో (ఎర్ర కణాలకు యాంటీబాడీలు అంటుకున్నాయో లేదో చూసేది) బయటపడుతుంది. ఆ సమయంలో రోగి పాత గ్రూపు రక్తం ఎక్కిస్తే అదీ చిట్లుతుంది కనుక దాత గ్రూపు ఎర్ర కణాలే ఇవ్వాలి. ఎక్కువమందిలో ఇది కొన్ని వారాల్లో తనంతట తగ్గుతుంది.

తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు కోలుకున్నాయి, ఎర్ర కణాలు మాత్రం నెలలైనా పుట్టడం లేదు. ఎందుకు?

రోగి ‘ఓ’ గ్రూపు, దాత ‘ఏ’ గ్రూపు అయినప్పుడు ఇలా జరిగే అవకాశం ఉంది. రోగి పాత ప్లాస్మా కణాలు మందులను తట్టుకుని మిగిలి యాంటీ-ఏ తయారుచేస్తూనే ఉంటే, మజ్జలో అప్పుడే ‘ఏ’ యాంటిజెన్ మొలుస్తున్న లేత ఎర్ర కణాలు పుట్టిన చోటే నాశనమవుతాయి. తెల్ల కణాలకు, ప్లేట్‌లెట్లకు ఈ దెబ్బ అంతగా తగలదు. రెటిక్యులోసైట్ల సంఖ్య సున్నాకు దగ్గరగా ఉండటం దీని గుర్తు. యాంటీ-ఏ స్థాయి తగ్గేవరకు ‘ఓ’ గ్రూపు రక్తంతో నెట్టుకొస్తారు. ఆలస్యమైతే రోగనిరోధక శక్తిని అణచే మందులను తగ్గించడం వంటి మార్గాలను వైద్యులు పరిశీలిస్తారు.

ఇకపై వేరే ఆసుపత్రికి వెళ్తే నా గ్రూపు ఏమని చెప్పాలి?

ఒక్క గ్రూపు పేరు చెప్పి ఊరుకోవద్దు. మార్పిడి జరిగిన తేదీ, మీ పాత గ్రూపు, దాత గ్రూపు, గతంలో కనుగొన్న ఎర్ర కణ యాంటీబాడీలు, హెచ్‌ఎల్‌ఏ యాంటీబాడీల వివరం, రేడియేషన్ ఇచ్చిన రక్తం అవసరమా కాదా అన్నది రాసిన పత్రాన్ని మార్పిడి కేంద్రం నుంచి అడిగి తీసుకుని దగ్గర ఉంచుకోండి. యాంటీబాడీల స్థాయి కాలంతో పడిపోయి తాజా పరీక్షలో కనిపించకపోవచ్చు, కానీ రక్తం ఎక్కగానే మళ్లీ లేస్తాయి. అప్పుడు మీ పాత నివేదికే బ్లడ్ బ్యాంకుకు దారి చూపుతుంది.